కాలనీ స్పోర్ట్స్ క్లబ్‌కు ప్రభుత్వ సాయం: టేపు కొలత నుంచి ఖర్చు లెక్క చూపే యూసీ దాకా

ఉప్పల్ వైపు మా కాలనీలో ఒక మట్టి వాలీబాల్ కోర్టు ఉంది. పక్కనే పిల్లలు కబడ్డీ ఆడుకునే ఖాళీ జాగా. వానలు పడ్డాయంటే దక్షిణం మూలలో నీళ్లు నిలిచి వారం పాటు ఆట బంద్. ఆ మూల సరిచేయించాలని మా క్లబ్ తరఫున రెండేళ్లు తిరిగాం. ‘మా గ్రౌండ్‌ను అభివృద్ధి చేయగలరని మనవి’ అని ఒక పేజీ రాసి, కింద నలభై సంతకాలు పెట్టించి, కాలనీకి ఎవరొస్తే వాళ్ల చేతిలో పెట్టేవాళ్లం. ఎనిమిది నెలల తర్వాత ఒక ఆఫీసు నుంచి ఆ కాగితం తిరిగొచ్చింది. అంచున ఎర్ర ఇంకుతో ఒకటే వాక్యం: ‘స్థలం ఎవరిదో, చేయవలసిన పని ఏమిటో తెలుపవలెను.’

అప్పుడు చాలా బాధేసింది. తర్వాత ఆలోచిస్తే ఆ రాసిన మనిషి అడిగింది న్యాయమే అనిపించింది. మేం సాయం అడిగాం కానీ, చేయడానికి వీలైన పని ఒక్కటీ చెప్పలేదు. తర్వాతి ఆదివారం పొద్దున్నే ఆరింటికి టేపు పట్టుకుని గ్రౌండ్ కొలిచాం. అక్కడి నుంచే పని కదిలింది.

హైదరాబాద్‌లో క్లబ్ నడిపే ప్రతి ఒక్కరికీ ముందుగా ఒక విషయం చెప్పాలి. క్లబ్ బ్యాంకు ఖాతాలో నేరుగా డబ్బు పడే గ్రాంటు చాలా తక్కువ. ప్రభుత్వం ఎక్కువగా ఇచ్చేది పని రూపంలోనే ఉంటుంది: ప్రహరీ, లైట్లు, డ్రైనేజీ, కోర్టు, టాయిలెట్. లేకపోతే స్థలం వాడుకునే అనుమతి, వేసవి శిబిరానికి కోచ్, ఆట సామాను. పుల్లెల గోపీచంద్ అకాడమీ సంగతే చూడండి. 2003లో అప్పటి ప్రభుత్వం గచ్చిబౌలిలో ఇచ్చింది 5 ఎకరాల నేల. కట్టడానికి డబ్బు కోసం ఆయన సొంత ఇల్లు తాకట్టు పెట్టారు, దాతలు కలిసొచ్చారు. ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేతకే అలా జరిగిందంటే మన కాలనీ క్లబ్ ఏం అడగాలో, ఎలా అడగాలో బాగా ఆలోచించుకోవాలి. ‘డబ్బు ఇవ్వండి’ అనేకంటే ‘ఈ పని చేయించండి’ అని అడిగితే ఎక్కువ ఆఫీసుల్లో మీ మాట వింటారు.

మొదటి అడుగు: కొలవండి, ఒక్క పని ఎంచుకోండి

కమిటీ సమావేశంలో కూర్చుంటే కోరికలు చాంతాడంత అవుతాయి. సింథటిక్ కోర్టు, జిమ్, గ్యాలరీ, వాకింగ్ ట్రాక్... అన్నీ రాసుకోండి, తప్పులేదు. కానీ అర్జీలో ఒక పనే ఉండాలి, మహా అయితే రెండు.

ఏ ఆటకు ఎంత జాగా కావాలో ముందు తెలుసుకోవాలి. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు × 9 మీటర్లు. చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ ఉండాలి కాబట్టి మొత్తం 24 × 15 కావాలి. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 × 10, ఆడవాళ్లది 12 × 8. ఖోఖోకు 27 × 16. డబుల్స్ బ్యాడ్మింటన్ కోర్టు 13.4 × 6.1. బాస్కెట్‌బాల్ 28 × 15. మీ జాగా 20 × 14 మీటర్లే ఉంటే వాలీబాల్ కోర్టు కావాలని రాసిన అర్జీ, ఇంజినీరు వచ్చి టేపు పెట్టగానే ఆగిపోతుంది.

మేం కొలిచిన పద్ధతి చెబుతాను. ఇద్దరు టేపు పట్టుకున్నారు, ఒకరు నోట్‌బుక్‌లో రాశారు, పదో తరగతి పిల్లవాడు ఒకడు సుద్దతో మూలలు గీశాడు. నాలుగు వైపులా కొలతలు, మధ్యలో రెండు చెట్లు, కరెంటు స్తంభం ఎక్కడుంది, నీళ్లు ఎటు పారుతున్నాయి, దగ్గరి మ్యాన్‌హోల్ ఎంత దూరం, గేటు ఎంత వెడల్పు, ఇవన్నీ ఒక బొమ్మలోకి ఎక్కించాం. నీళ్లు నిలిచే మూల పక్కకంటే ఎంత పల్లంగా ఉందో తెలుసుకోవడానికి పైపులో నీళ్లు పోసి మట్టం చూశాం. జానెడు పల్లం ఉంది. ‘గ్రౌండ్ అభివృద్ధి’ అని మేం రెండేళ్లు రాసింది నిజానికి ‘జానెడు మట్టి నింపి, రోడ్డు పక్క డ్రైన్ దాకా ఒక పైపు వేయడం’ అన్న పని అని ఆ పూట తెలిసింది. ఎంత చిన్న పనో చూడండి. చిన్న పని త్వరగా మంజూరవుతుంది.

కోర్టు అడిగితే లైట్లు, తాగునీళ్లు, టాయిలెట్ గురించి కూడా ఆలోచించండి. సాయంత్రం ఆరు దాటాక వెలుగు లేక, బట్టలు మార్చుకునే గది లేక ఆడపిల్లలు మానేస్తున్న గ్రౌండ్లు ఈ ఊళ్లో ఎన్నో. మీ అర్జీలో రెండో పని ఏదైనా పెట్టదలచుకుంటే అది ఆడపిల్లల టాయిలెట్ అయితే బాగుంటుంది. అది అవసరం కూడా, ఎవరూ కాదనలేనిది కూడా.

రెండో అడుగు: నేల ఎవరిదో కాగితంతో తేల్చండి

ఎక్కువ ఫైళ్లు ఆగేది ఇక్కడే, అందుకే ఇక్కడ కాస్త ఓపిగ్గా ఉండాలి. ‘ముప్పై ఏళ్లుగా మా పిల్లలు ఆడుతున్న గ్రౌండ్’ అనే మాట మనకు ఎంత నిజమైనా ఫైలులో చెల్లదు.

కాలనీ లేఅవుట్‌లోని పార్కు లేదా ఓపెన్ స్పేస్ అయితే పని సులభం. లేఅవుట్ కాపీలో అది ఓపెన్ స్పేస్‌గా గీసి ఉండాలి, మున్సిపల్ సంస్థకు గిఫ్ట్ డీడ్ చేసి ఉండాలి. పాత కాలనీల్లో లేఅవుట్ కాపీ మొదటి తరం ప్లాట్ ఓనర్ల ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో దొరుకుతుంది. మాకు అలాగే దొరికింది, ఒక రిటైర్డ్ టీచరు గారింట్లో, అట్ట మీద కాలనీ పేరు రాసిన పాత ఫైలులో.

సర్కారు స్కూలు గ్రౌండ్ అయితే అడగాల్సింది విద్యాశాఖను. ముందు హెడ్మాస్టరు గారితో మాట్లాడి, స్కూలు వేళలు అయ్యాక పిల్లలు ఆడుకోవడానికి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ప్రభుత్వ భూమి అని అనుమానం ఉంటే సర్వే నంబరు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లాలి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు అయితే అది రక్షణ శాఖ భూమి కావచ్చు, అక్కడ మున్సిపల్ ఇంజినీరు ఏమీ చేయలేరు. రైల్వే భూముల సంగతీ అంతే. గుడి మాన్యం, వక్ఫ్ భూమి అయితే ఆయా శాఖల అనుమతి లేకుండా రూపాయి పని కూడా జరగదు.

చెరువు పక్క జాగా అయితే మరీ జాగ్రత్త. చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దులోనో (ఎఫ్‌టీఎల్), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్‌లోనో పడితే అక్కడ శాశ్వత కట్టడం అడగొద్దు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఈ విషయంలో ఏ అధికారీ సంతకం పెట్టే ధైర్యం చేయరు, పెట్టకూడదు కూడా. ఆ చెరువు కూడా మన ఊరిదే కదా.

ప్రైవేటు మనిషి పెద్ద మనసుతో ఆడుకోనిస్తున్న ప్లాటులో ప్రభుత్వ డబ్బుతో కోర్టు కట్టించాలని చూడొద్దు. అది మంజూరు కాదు, పొరపాటున అయినా ఆడిట్‌లో చిక్కుతుంది.

ఏ కాగితమూ దొరకకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల ఫీజుతో, ఫలానా డివిజన్‌లో ఫలానా హద్దుల మధ్య ఉన్న స్థలం ఏ శాఖ ఆధీనంలో ఉంది, లేఅవుట్ కాపీ ఇవ్వండి అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబే మీ ఫైలులో మొదటి పేజీ అవుతుంది.

మూడో అడుగు: క్లబ్‌కు ఒక రూపం

రిజిస్ట్రేషన్ లేకపోయినా మున్సిపల్ పని అడగొచ్చు, కాలనీ సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ మీద అర్జీ పెట్టొచ్చు. కానీ సామాను, డబ్బు, అనుమతి ఏదైనా క్లబ్ పేరు మీద రావాలంటే సొసైటీ రిజిస్ట్రేషన్ కావాలి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. మెమొరాండం, బైలాస్ (క్లబ్ నియమావళి), సభ్యుల గుర్తింపు కార్డులు, ఆఫీసు చిరునామాకు రుజువు పెట్టుకుని రిజిస్ట్రేషన్ శాఖలో దరఖాస్తు చేయాలి. ఆఫీసు అంటే భయపడక్కర్లేదు, ఒక సభ్యుడి ఇంట్లో గదైనా సరే, ఇంటి యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఆ ఏడుగురిలో భార్యాభర్తలు, అన్నదమ్ములు ఎక్కువ ఉంటే అధికారులు దాన్ని కుటుంబ క్లబ్‌గా చూస్తారు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక రిటైర్డ్ పీఈటీ (వ్యాయామ టీచరు), లెక్కలు రాయగల ఒకరు, కాలనీలో వేర్వేరు గల్లీల వాళ్లు ఉండేలా చూసుకోండి. బైలాస్‌లో మూడు మాటలు స్పష్టంగా రాయించండి: క్లబ్ లాభం కోసం కాదు, చేరాలనుకునే ఏ నివాసికైనా తలుపు తెరిచి ఉంటుంది, క్లబ్ మూతపడితే ఆస్తి అలాంటి మరో సంస్థకు పోతుంది తప్ప సభ్యులు పంచుకోరు.

రిజిస్ట్రేషన్ అయ్యాక చాలా క్లబ్బులు నిద్రపోతాయి. ఏటా జనరల్ బాడీ పెట్టాలి, అది జరిగిన 15 రోజుల్లోపు కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. నాలుగేళ్ల కిందటి జాబితాతో వెళితే ‘ఇప్పటి కార్యదర్శి మీరే అనడానికి రుజువేమిటి’ అని అడుగుతారు. క్లబ్ పేరు మీద పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా, ఏటా సీఏ సంతకం పెట్టిన లెక్కలు, ఇవన్నీ మొదటి ఏడాది నుంచే అలవాటు చేసుకోండి. చందాలు కార్యదర్శి ఫోన్‌పేకు రావడం ఆ రోజుకు సుఖంగానే ఉంటుంది, లెక్క చూపించాల్సిన రోజు నానా తంటాలు పడాలి.

కేంద్ర ప్రభుత్వ పథకాల వైపు చూసే ఆలోచన ఉంటే స్వచ్ఛంద సంస్థల నమోదుకు నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదు చేసి నంబరు తెచ్చుకోవాలి.

నాలుగో అడుగు: మూడు నెలల హాజరు పుస్తకం

దీనికి ఖర్చు లేదు, కానీ ఇంతకంటే బలమైన కాగితం ఇంకొకటి నేను చూడలేదు. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని గేటు దగ్గర పెట్టండి. తేదీ, పేరు, వయసు, ఆట, వచ్చిన టైము, సంతకం. మా పుస్తకంలో మొదటి వారం రోజుకు పదకొండు మంది ఉన్నారు. ఒక అమ్మాయి సంతకం రాకపోతే ప్రతి రోజూ తన పేరు చివర చిన్న పువ్వు వేసేది. మున్సిపల్ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు గ్రౌండ్ చూడటానికి వచ్చినప్పుడు ఆ పుస్తకం తిరగేస్తూ ఆ పువ్వుల దగ్గర ఆగారు. ‘ఈ పాప రోజూ వస్తుందా’ అని అడిగారు. అప్పటిదాకా ఆయనకు అది ఒక సైటు.

వాన వల్ల ఆట ఆగిన రోజులు కూడా రాయండి. ‘జులైలో తొమ్మిది రోజులు నీళ్లు నిలిచి ఆట లేదు’ అని పుస్తకంలో ఉంటే, డ్రైన్ ఎందుకు కావాలో ఇంకెవరూ అడగరు. అదే మూల ఫొటో, అదే చోట నిలబడి, ఎండలో ఒకటి, వానలో ఒకటి తీసి పెట్టుకోండి.

ఐదో అడుగు: ఏ తలుపు తట్టాలి

మున్సిపల్ సంస్థ: కాలనీ క్లబ్‌కు మొదటి తలుపు ఇదే. పార్కులు, ప్లేగ్రౌండ్లు, స్పోర్ట్స్ కాంప్లెక్సులు వాళ్ల చేతిలో ఉంటాయి, వాళ్లకు సొంత క్రీడా విభాగం కూడా ఉంది. ఏటా వేసవిలో జరిగే కోచింగ్ క్యాంపులకు మీ గ్రౌండ్‌ను ఒక కేంద్రంగా చేర్చమని అడగడం మంచి మొదటి మెట్టు. అలా మీ గ్రౌండ్ వాళ్ల జాబితాలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత పని అడిగితే ‘అదెక్కడ’ అనే ప్రశ్న రాదు. నగరంలో డివిజన్ల సరిహద్దులు మారాయి కాబట్టి మీ కాలనీ ఇప్పుడు ఏ డివిజన్, ఏ సర్కిల్ కిందకు వస్తుందో కనుక్కునే అర్జీ రాయండి. పాత నంబరు వేసిన అర్జీ తప్పు టేబుల్‌కు పోతుంది.

ఎంపీ నిధులు: ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల మేర పనులు సిఫారసు చేసే వీలుంది. నగరం చాలావరకు హైదరాబాద్, సికింద్రాబాద్, మల్కాజిగిరి, చేవెళ్ల నియోజకవర్గాల్లో ఉంది. మీ లోక్‌సభ సభ్యుడికి వీలుపడకపోతే రాష్ట్రం నుంచి ఎన్నికైన రాజ్యసభ సభ్యుడు కూడా రాష్ట్రంలో ఎక్కడైనా పని సిఫారసు చేయవచ్చు. ఇది చాలామందికి తట్టదు. డబ్బు ఎంపీ చేతికీ రాదు, మీ చేతికీ రాదు. ఆయన సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం పరిశీలించి మంజూరు చేస్తుంది, ఒక ప్రభుత్వ ఏజెన్సీ పని చేయిస్తుంది. ప్రజలందరూ వాడుకునే శాశ్వత ఆస్తి కావాలి తప్ప బంతులు, బూట్లు, జెర్సీలు ఇందులో రావు. ఈ నిధుల్లో కనీసం 15 శాతం ఎస్సీలు ఎక్కువగా ఉండే ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకు సిఫారసు చేయాలన్న నియమం ఉంది. మీది అలాంటి బస్తీ అయితే అర్జీలో ఆ విషయం మొదటి పేరాలోనే రాయండి.

ఎమ్మెల్యే, ఎమ్మెల్సీల నియోజకవర్గ అభివృద్ధి నిధులు కూడా ఇలాగే పని రూపంలో వస్తాయి.

జిల్లా యువజన, క్రీడల అధికారి: హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి మూడు జిల్లాలకూ విడివిడిగా ఉంటారు. ఊళ్లో క్రీడల మీద ఏం పథకం నడుస్తోందో, దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో చెప్పగలిగేది ఈ ఆఫీసే. సీఎం కప్ లాంటి పోటీలకు మీ పిల్లల పేర్లు ఇవ్వండి. రాష్ట్ర స్పోర్ట్స్ అథారిటీ ఆఫీసు ఎల్బీ స్టేడియంలో ఉంది. అక్కడ ఒక కాలనీ క్లబ్‌గా వెళ్లేకంటే జిల్లా కబడ్డీ సంఘం, వాలీబాల్ సంఘం అనుబంధం తెచ్చుకుని వెళ్తే మాట చెల్లుతుంది.

ఖేలో ఇండియా: ఇది కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం. దీని మీద ఆశలు ఎక్కువ, అపోహలూ ఎక్కువ. స్టేడియం, ఇండోర్ హాలు లాంటి పెద్ద నిర్మాణాల డబ్బు రాష్ట్ర ప్రభుత్వాలకు, స్థానిక సంస్థలకు, విద్యాసంస్థలకు వెళుతుంది. చిన్న క్లబ్‌కు దారి దొరికేది ఖేలో ఇండియా సెంటర్ల దగ్గర. దేశానికి ఆడినవారో, జాతీయ పోటీల్లో పతకం గెలిచినవారో పిల్లలకు శిక్షణ ఇచ్చే కేంద్రానికి ఈ పథకం సాయం చేస్తుంది. మార్గదర్శకాల ప్రకారం ఒక్కో క్రీడకు ఒకసారి ఇచ్చే గ్రాంటు 5 లక్షలు, ఏటా ఇచ్చేది మరో 5 లక్షలు. ఇందులో ఆ క్రీడాకారుడి పారితోషికం, సామగ్రి, పోటీల ఖర్చు ఉంటాయి. ప్రతిపాదన రాష్ట్రం ద్వారా వెళ్లాలి. అందుకే మీ చుట్టుపక్కల చూడండి. నేషనల్స్‌లో పతకం గెలిచి ఇప్పుడు బ్యాంకులోనో, రైల్వేలోనో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రం పిల్లలకు నేర్పాలని ఉన్న మనిషి ప్రతి ఏరియాలో ఒకరైనా ఉంటారు. ఆ మనిషిని వెతికి పట్టుకోవడం మీ క్లబ్ చేయగల అతి మంచి పని, గ్రాంటు వచ్చినా రాకపోయినా.

కంపెనీల సీఎస్‌ఆర్: ఇది ప్రభుత్వ గ్రాంటు కాదు, కానీ చట్టం వల్ల వచ్చే డబ్బే. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజ పనులకు ఖర్చు చేయాలి. గ్రామీణ, ఒలింపిక్, పారాలింపిక్, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడల్లో శిక్షణ ఆ పనుల జాబితాలో ఉంది. క్లబ్‌కు ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు (12ఏ, 80జీ అనేవి), కేంద్ర కంపెనీల శాఖ దగ్గర నమోదైతే వచ్చే సీఎస్‌ఆర్-1 నంబరు, కనీసం మూడేళ్ల పని అనుభవం ఉండాలి. హాజరు పుస్తకం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన కాలనీల్లో అమెరికాలో పిల్లలు లేని ఇల్లు అరుదు. ‘మావాడు పంపిస్తాడు’ అని పెద్దవాళ్లు ప్రేమగా అంటారు. ఆ అబ్బాయి దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, బ్యాంకు ద్వారా తన సొంత డబ్బు పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే మాత్రం అది విదేశీ విరాళం కిందకు వస్తుంది, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని క్లబ్ తీసుకోకూడదు. పది వేల రూపాయల కోసం క్లబ్‌ను కేసులో ఇరికించొద్దు.

ఆరో అడుగు: అర్జీ రాయడం

ఒక పేజీ దాటొద్దు. జతపరిచే కాగితాలు ఎన్నైనా ఉండొచ్చు. మా రెండో అర్జీలో అసలు భాగం ఇలా ఉంది, కావాలంటే మీ వివరాలు మార్చి వాడుకోండి:

‘విషయం: ఫలానా కాలనీ పార్కు స్థలంలోని వాలీబాల్ కోర్టులో వాననీరు నిలవకుండా మట్టి నింపి, రోడ్డు డ్రైన్ వరకు పైపు వేయుట గురించి.

అయ్యా, పై స్థలం లేఅవుట్‌లో ఓపెన్ స్పేస్‌గా చూపబడి, మున్సిపల్ సంస్థ ఆధీనంలో ఉన్నది (కాపీ జతపరిచాము). స్థలం కొలతలు, నీరు నిలిచే చోటు, దగ్గరి డ్రైన్ దూరం స్కెచ్‌లో చూపాము. గత మూడు నెలల్లో ఇక్కడ ఆడిన పిల్లల హాజరు కాపీ, వాన వల్ల ఆట ఆగిన రోజుల వివరాలు జతపరిచాము. పని పూర్తయిన తర్వాత కోర్టు రోజువారీ నిర్వహణ, శుభ్రత మా క్లబ్ చూసుకుంటుందని జనరల్ బాడీ తీర్మానం చేసింది (తీర్మానం కాపీ జతపరిచాము). కావున తమరు స్థలాన్ని పరిశీలింపజేసి ఎస్టిమేట్ తయారు చేయించగలరని కోరుతున్నాము.’

చివరి వాక్యం గమనించండి. మంజూరు చేయమని అడగలేదు, వచ్చి చూసి ఎస్టిమేట్ వేయమన్నాం. ఒక అధికారి ఆ రోజే ‘సరే’ అనగలిగే కోరిక అది. ఏఈ వచ్చి చూసి ఎస్టిమేట్ వేశాక, అంకె ఉన్న కాగితం పట్టుకుని మంజూరు కోసం, నిధుల కోసం ఎవరి దగ్గరికైనా వెళ్లొచ్చు. ఎంపీ ఆఫీసులో కూడా మొదట అడిగేది ‘ఎస్టిమేట్ ఉందా’ అనే.

నిర్వహణ తీర్మానం తేలిగ్గా తీసుకోకండి. లైట్లు అడిగితే కరెంటు బిల్లు ఎవరు కడతారు, వాచ్‌మన్ జీతం ఎలా, నెట్టు చిరిగితే ఎవరు కొంటారు అన్నది లెక్క వేసి, నెలకు ఇంటింటికీ ఎంత చందా అవుతుందో జనరల్ బాడీలో చెప్పి, ఒప్పుకున్నాకే తీర్మానం రాయండి. మినిట్స్ బుక్‌లో హాజరైనవాళ్ల సంతకాలు ఉండాలి. కట్టి వదిలేసి తుప్పు పట్టిన ఓపెన్ జిమ్‌లు అధికారులు ఎన్నో చూశారు. మీది అలా కాదని వాళ్లకు నమ్మకం కలిగించేది ఈ తీర్మానమే.

ఏడో అడుగు: ఫైలు వెంట నడవడం

అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇస్తే నంబరు వస్తుంది, సంబంధిత శాఖకు వెళుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. దసరా దీపావళి రోజుల్లోనే మీ ఎస్టిమేట్ చేతికి వస్తే వచ్చే ఏడాది పనుల జాబితాలో చేర్చమని అడగడానికి సమయం ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో వెళితే అందరూ పాత బిల్లుల హడావుడిలో ఉంటారు. ఎన్నికల కోడ్ వస్తే కొత్త మంజూర్లు ఆగిపోతాయి, అప్పుడు టెన్షన్ పడి ఎవరినీ నిందించి లాభం లేదు.

రెండు వారాలకోసారి ఒకే మనిషి వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ ఎవరిని కలిశారు, ఏమన్నారు, ఫైలు ఏ టేబుల్ మీద ఉంది అన్నది అదే సాయంత్రం డైరీలో రాసుకోవాలి. గుంపుగా వెళ్లి గొడవ చేస్తే ఆ రోజు పేపర్లో ఫొటో పడుతుందేమో కానీ, ఫైలు మీద నోట్ రాసేది ఆ టేబుల్ వెనక కూర్చున్న మనిషే. రెండు నెలలకు పైగా కదలకపోతే ‘ఫలానా నంబరు అర్జీ మీద తీసుకున్న చర్యలు తెలపండి’ అని సమాచార హక్కు కింద అడగండి. మర్యాదగానే అడగండి.

ఎవరైనా ‘గ్రాంటు ఇప్పిస్తాను, శాతం ఇవ్వండి’ అని వస్తే అక్కడితో ఆపేయండి. అలా వచ్చిన డబ్బుకు లెక్క చూపించాల్సి వచ్చే రోజు ఆ మనిషి కనిపించడు, సంతకం మీదే ఉంటుంది.

ఎనిమిదో అడుగు: మంజూరయ్యాక

పని రూపంలో వస్తే ఎస్టిమేట్ కాపీ అడిగి తీసుకోండి. ఎంత మందం మట్టి, ఏ సైజు పైపు, ఎన్ని స్తంభాలు అన్నది అందులో ఉంటుంది. పని జరిగే రోజుల్లో కమిటీ నుంచి ఒకరు రోజూ అక్కడ ఉండాలి. మా దగ్గర పైపు పూడ్చేముందు ఒక బకెట్ నీళ్లు పోసి చూశాం. నీళ్లు రోడ్డు వైపు పోవాల్సింది మా వైపుకే తిరిగొచ్చాయి. మేస్త్రీకి చూపిస్తే అదే పూట వాలు సరిచేశాడు. పూడ్చాక అదే మాట చెబితే ఇంకో ఏడాది పట్టేది.

డబ్బు నేరుగా క్లబ్‌కు వస్తే బాధ్యత చాలా పెద్దది. గ్రాంటుకు విడిగా బ్యాంకు ఖాతా పెట్టండి. మంజూరు ఉత్తర్వులో ఏ పద్దు కింద ఎంత రాశారో అంతే ఖర్చు చేయండి, కిట్ల డబ్బుతో షెడ్డు వేయొద్దు. కొన్న ప్రతి వస్తువుకూ జీఎస్‌టీ బిల్లు ఉండాలి. కొటేషన్లు తీసుకున్నాకే కొనండి, ఎవరిది ఎందుకు ఎంచుకున్నారో మినిట్స్‌లో రాయండి. స్టాక్ రిజిస్టర్‌లో వస్తువు పేరు, కొన్న తేదీ, ధర, ఇప్పుడు ఎక్కడుందో ఉండాలి. గ్రాంటుతో కొన్న వస్తువును అనుమతి లేకుండా అమ్మకూడదు.

కేంద్ర గ్రాంటు అయితే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ (జీఎఫ్‌ఆర్) వర్తిస్తాయి. ఖర్చయ్యాక జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో డబ్బు ఎలా ఖర్చయిందో తెలిపే యుటిలైజేషన్ సర్టిఫికెట్, అందరూ యూసీ అనేది, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇవ్వాలి. గ్రాంటు డబ్బు మీద బ్యాంకులో వచ్చిన వడ్డీ కూడా మీది కాదు, తిరిగి కట్టాలి. సొసైటీ కమిటీ సభ్యులు ఒక బాండు మీద సంతకం చేయాల్సి ఉంటుంది. షరతులు తప్పితే సంతకం చేసినవాళ్లంతా ఉమ్మడిగానూ, విడివిడిగానూ 10 శాతం వడ్డీతో డబ్బు వెనక్కి కట్టాలని అందులో ఉంటుంది. ఆ బాండును కమిటీలో అందరి ముందూ గట్టిగా చదివించి, ప్రతి ఒక్కరూ అర్థమైందన్నాకే సంతకాలు పెట్టించండి. మొహమాటానికి సంతకం పెట్టిన మనిషి తర్వాత ఇంట్లో పడే బాధ నేను దగ్గర నుంచి చూశాను.

మా యూసీ ఫైలు, స్టాక్ రిజిస్టర్, హాజరు పుస్తకాలు ఇప్పుడు క్లబ్ గదిలో ఒక ఇనుప బీరువాలో ఉన్నాయి. తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఒకటి కార్యదర్శి దగ్గర, ఇంకొకటి కోశాధికారి దగ్గర. ప్రతి నెల మొదటి శనివారం సాయంత్రం ఆట అయ్యాక ఇద్దరూ కలిసి బీరువా తెరిచి, రిజిస్టర్ చూస్తూ నెట్లు, బంతులు, స్తంభాలకు వేసే ప్యాడ్లు లెక్కపెట్టి సంతకాలు చేస్తారు.